ఫోన్‌కి జర కిరికిరి పెట్టు తమ్మీ

అన్నా నమస్తే. నాది పరకాల దిక్కు ఊరు, ఇప్పుడు వరంగల్ కాశిబుగ్గల కిరాయికి ఉంటున్న, ఎనుమాముల మార్కెట్ల ఒక అడ్తి దుకాణంల, అంటే కమీషన్ మీద రైతుల పంట అమ్మిపెట్టే కాడ, గుమస్తా పని. వయసు 31. ఫోన్ లేకుంటే నా పని నడవది, పొద్దుగాల సావుకారు ఫోన్, రైతులు మిర్చిల తేజ రకం ఎంత పోయింది వండర్‌హాట్ ఎంత పోయింది అని అడుగుడు, ఖరీదుదార్ల వాట్సాప్ గ్రూపులు, పైసలు కొట్టుడు అన్నీ దాంట్లనే. కానీ రాత్రి పదింటికి ఐదు నిమిషాలు చూసి పండుకుందాం అని రీల్స్ తెరుస్త, టైమ్ చూస్తే ఒంటిగంటన్నర. పొద్దుగాల ఐదింటికి లేవాలె, కండ్లు మండుతయి. పనిల పది నిమిషాలు ఖాళీ దొరికినా చెయ్యి దానంతట అదే జేబులకు పోతది. పోయిన నెల ఒక రైతుకు తక్‌పట్టీ, అంటే సరుకు అమ్మిన లెక్క చీటీ, రాసుకుంట రీల్ చూసిన, 14,200 రాయాల్సిన కాడ 12,400 రాసిన. ఆయన బిడ్డ డిగ్రీ చదువుతదట, ఆమె పట్టుకున్నది. సావుకారు నన్ను ఒక్క మాట అనలే, కానీ అప్పటిసంది నేను రాసిన ప్రతి పట్టీ ఇంకొకరికి చూపిస్తుండు. ఇన్‌స్టా ఆరుసార్లు తీసేసిన, ఏడుసార్లు ఎక్కించిన. టైమర్ పెట్టుకున్న, అది ఆపంగనే నేనే తీసేస్త. మా పాపకు నాలుగేండ్లు, సబ్బుపెట్టె చేతిల పట్టుకొని బొటనవేలుతోని పైకి జరుపుకుంట "నేను డాడీని" అని ఆడుతది. నాకు విల్‌పవర్ లేదా అన్నా? ఈ ఫోన్ అమ్మి డబ్బా ఫోన్ కొనుక్కోవాల్నా? అమ్మితే ఎంతొస్తది?

---

తమ్మీ, విల్‌పవర్ ముచ్చట పక్కకు పెట్టు. సీజన్ల మిర్చి ఘాటుకు తుమ్ముకుంట దగ్గుకుంట పొద్దంత నిలబడి లెక్కలు రాసేటోనికి విల్‌పవర్ లేదంటే నేనైతే నమ్మ. నేను డాక్టర్‌ని కాదు, సైకాలజిస్ట్‌ని అసలే కాదు, హన్మకొండ చౌరస్తా దగ్గర పదిహేడేండ్ల సంది సెల్‌ఫోన్లు రిపేర్ చేస్తున్న, అంతే. కానీ ఫోన్ చేతిల లేని మనిషి ఎట్లుంటడో నేను చూసినంత దగ్గరికెళ్లి ఇంకెవరు చూడరు కావచ్చు. డిస్‌ప్లే మార్చుడంటే గంట పని. ఫోన్ నా చేతికిచ్చి స్టూల్ మీద కూచుంటరు. రెండు నిమిషాలు కాకముందే చెయ్యి జేబుకు పోతది, ఖాళీ జేబు తడిమి బయటికొస్తది, కాసేపాగి మళ్ళ పోతది. ఒక సారైతే మంచి చదువుకున్న మనిషి, జేబులకెళ్లి బండి తాళంచెవి తీసి, అరచేతిల పెట్టుకొని దాని దిక్కు ఒక సెకను చూసి, మళ్ళ లోపల పెట్టుకున్నడు. నేను నవ్విన, ఆయన గూడ నవ్విండు. మరి ఆయనకేమన్న చూసే పని ఉన్నదా, లేదు. మనసు ఇంకా ఏం అనుకోకముందే చెయ్యి పోయివచ్చింది.

ఇది నాకు బాగ అర్థమైంది నా సొంత ఫోన్ పాడైనప్పుడు. 2022 వానకాలం అనుకుంట, నా ఫోన్ పవర్ బటన్ పోయింది. ఆన్ ఆఫ్ స్ట్రిప్ అంటం మేము, దాంతోనే వేలిముద్ర సెన్సర్ కూడ పోయింది. ఊరందరి ఫోన్లు బాగజేసేటోని ఫోన్ ఎప్పుడూ రిపేర్లనే ఉంటది, అది మా దందాల అందరికి తెలిసిన ముచ్చటే, ఇయ్యాల రేపు అనుకుంట పక్కకు పెట్టిన. ఎవరన్న ఫోన్ చేస్తే స్క్రీన్ వెలుగుతది, ఎత్తి మాట్లాడుతున్న, పనికి ఇబ్బంది లేదు. కానీ ఉత్తగ తెరవాలంటే ఒక్కటే దారి, చార్జర్ గుచ్చాలె, గుచ్చంగనే స్క్రీన్ వెలుగుతది, అప్పుడు పిన్ కొట్టాలె. చార్జర్ ఏమో వెనుక బెంచి మీద, సోల్డరింగ్ మిషిన్ పక్కన. అంటే స్టూల్ మీదికెళ్లి లేచి, రెండడుగులు వేసి, వైర్ గుచ్చి, పిన్ కొట్టి, ఆడనే నిలబడి చూడాలె, వైర్ పొట్టిది మరి.

వారం పదిరోజులకు నాకే అనిపించింది ఏదో తేడా ఉన్నదని. సెట్టింగులల్ల చూస్తే రోజుకు 130, 140 సార్లు అన్‌లాక్ చేసేటోన్ని ముప్పైకి దిగిన. నాకెవరు బుద్ధి చెప్పలే, భద్రకాళి గుడికి పోయి ఒట్టు పెట్టుకోలే. లేద్దామని అనుకునుడు, లేచెటప్పటికి దేనికి లేస్తున్ననో యాదికి రాకపోవుడు, మళ్ళ కూచునుడు. సగం సార్లు ఇదే. స్ట్రిప్ ఖరీదు 150 రూపాయలు, పదిహేను నిమిషాల పని, సామాను వచ్చి సొరుగుల పడి ఉన్నది, నేను రెండు నెలలు వేయలే. మా ఇంటామె "సిగ్గులేదా, నీ ఫోన్ నువ్వు బాగజేసుకోవా" అని లొల్లి పెడితే అప్పుడు వేసిన.

నీకు నేను చెప్పేది ఈ ఒక్కటే, ఫోన్‌కి జర కిరికిరి పెట్టు. నిన్ను నువ్వు తిట్టుకునుడు బంజెయ్. చేతికి రీల్‌కి నడుమ ఒక కడప కట్టు, పనుంటే దాటొచ్చు, పని లేకుంటే దాటబుద్ధి కాదు, గంత ఎత్తు చాలు.

ఈ కిరికిరి ఒకప్పుడు ఫోన్‌ల ఉత్తగనే ఉండేది, ఎవరు పెట్టలే. 2016 సెప్టెంబర్ 5న జియో వచ్చింది, అంతకు ముందు సంగతి యాది చేసుకో, నెలకు 1 జీబీ, దానికి 250 రూపాయల దాకా, వీడియో పెడితే నడుమ గుండ్రం తిరుగుతనే ఉండేది, అది తిరిగేలోపు మనిషికి విసుగొచ్చి జేబుల పెట్టుకునేది. ఇంటర్నెట్ పేజీకి కూడ ఒక అడుగు ఉండేది, కిందిదాక పోతే అయిపోయేది, ఇంకా కావాలంటే తర్వాతి పేజీ అని నొక్కాలె. ఆ అడుగును తీసేసిన పద్ధతి 2006ల ఆజా రాస్కిన్ అనే అమెరికా డిజైనర్ తయారు చేసిండు, కిందికి జరిపినకొద్దీ వస్తనే ఉంటది, ఆఖరనేది ఉండది. తర్వాత ఆయనే బాధపడ్డడు ఎందుకు చేసిన్నా అని, పబ్లిక్‌గనే చెప్పిండు. ఇగ 2020 జూన్ 29న మన దగ్గర టిక్‌టాక్‌ని బంద్ చేసిన్రు, జూలై 8కి ఇన్‌స్టాల రీల్స్ దిగినయి, సెప్టెంబర్‌ల యూట్యూబ్ షార్ట్స్. టిక్‌టాక్‌కి రీల్స్‌కి నడుమ మన బొటనవేళ్ళకు దొరికిన రెస్ట్ తొమ్మిది దినాలు, బతుకమ్మ ఆడినంత సేపు. ముఖం చూపిస్తే తెరుచుకునే ఫోన్లు గూడ వచ్చినయి, వేలు పెట్టే పని కూడ పోయింది. ఒక్కొక్క కడప తవ్వుకుంట పోయిన్రు తమ్మీ, అంతా నున్నగ చేసిన్రు, నువ్వు జారినవ్. జారుడు బండ మీద నిలబడి నాకు కాళ్ళల్ల బలం లేదా అని అడుగుతున్నవ్ నువ్వు.

అసలు రీల్ ఎందుకు వదలబుద్ధి కాదంటే, వడ్డేపల్లి చెరువు కట్ట మీద గాలమేసి కూచునేటోళ్ళను చూసి ఉంటవ్. వేసినప్పుడల్లా చేప పడితే కావాల్సినన్ని పట్టుకొని గంటల ఇంటికి పోతరు. అసలే పడకపోయినా లేచిపోతరు. ఎప్పుడు పడతదో తెలువకుంట ఎప్పుడో ఒకటి పడుతుంటే, పొద్దంత అట్లనే కూచుంటరు. స్కిన్నర్ అనే సైంటిస్ట్ పావురాల మీద ఇదే చూసిండు, 1957ల దాని మీద ఇంకొకాయనతోని కలిసి పెద్ద పుస్తకమే వేసిండు, ముక్కుతోని పొడిస్తే గింజ ఎప్పుడొస్తదో తెలువకుంట చేస్తే పావురం ఆపకుంట పొడుస్తనే ఉంటది. రీల్స్ గూడ అంతే, పదిట్ల తొమ్మిది చెత్త, ఒకటి మస్తుంటది, ఆ ఒకటి కోసం. తేడా ఏందంటే చెరువు కాడ పొద్దుమూకుతది, దోమలు కుడతయి, ఇంటికి పోవాల్సి వస్తది. ఫోన్‌ల పొద్దుమూకది.

కిరికిరి పెడితే పనిచేస్తదని నా పవర్ బటన్ ఒక్కటే సాక్ష్యం కాదు. వన్ సెక్ అని ఒక యాప్ ఉన్నది, ఇన్‌స్టా తెరువంగనే అది అడ్డమొచ్చి, ఒకసారి ఊపిరి పీల్చుకో అని ఆపి, ఇప్పుడు చెప్పు పోతవా వద్దా అని అడుగుతది. 2023ల జర్మనీ పరిశోధకులు దాని మీద పేపర్ వేసిన్రు, 280 మంది ఆరు వారాలు వాడితే, తెరుద్దామనుకున్న ప్రతి వందల 36 సార్లు వద్దులే అని వెనక్కి పోయిన్రు. ఇంకో ముచ్చట, ఆరో వారానికి అసలు తెరుద్దామని చూసుడే మొదటి వారం కంటే 37 శాతం తగ్గింది. పేపర్ వేసినోళ్ళల్ల ఒకాయన ఆ యాప్ తయారు చేసినాయనే, అది గూడ మనసుల పెట్టుకో, సొంత దుకాణం సరుకు ఎవడన్న చెడ్డదంటడా. అయినా నాకు నచ్చినదేందంటే, మంచి మాటలు రాసి చూపించుడు అండ్ల పెద్దగ పని చెయ్యలే, కాసేపు ఆపుడు, వెనక్కి పోయే దారి చూపించుడు పని చేసినయి. సుద్దులు చెప్పేటోళ్ళు ఎక్కడన్న పనికిరారు కదా, ఫోన్‌ల గూడ రారు.

ఇగ నువ్వు చేసినయి ఎందుకు ఫెయిల్ అయినయో చెప్త. ఆరుసార్లు డిలీట్ చేసినవ్, అది అలిగిపోయిన అల్లుడు తెల్లారి టిఫిన్ టైమ్‌కి వచ్చినట్టే. కోపంల తీసేస్తవ్, మళ్ళ ఎక్కించుకునుడు నిమిషం పని, పాస్‌వర్డ్ ఫోన్‌లనే దాచి ఉంటది, అది కూడ కొట్టాల్సిన పని లేదు. తీసేసుడు అలకువైంది, తెచ్చుకునుడు ఇంకా అలకువైంది. టైమర్ సంగతి ఇంకా మజా. గూగుల్ వాడు 2018ల డిజిటల్ వెల్‌బీయింగ్ అని తెచ్చిండు, మంచిదే, టైమ్ అయిపోంగనే యాప్ గుర్తు బూడిద రంగైతది, కానీ తీసేసే తాళం నీ చేతిలనే ఉన్నది. పైగా ఆ టైమర్ అర్ధరాత్రి పన్నెండింటికి మళ్ళ మొదటికొస్తది. నువ్వేమో ఒంటిగంటన్నర దాక మేలుకుంటవ్. పన్నెండు కొట్టంగనే నీకు కొత్త కోటా, రేషన్ దుకాణంల నెల మారినట్టు.

ఇంకోటి, నువ్వు రీల్స్ చూద్దామని ఫోన్ తెరుస్తలేవు, పరీక్షగ చూసుకో. రేటు చూద్దామని తెరుస్తవ్, లెక్క చేద్దామని తెరుస్తవ్, పైసలు పడ్డయా అని తెరుస్తవ్, అది నిజంగనే పని. ఆడికెళ్లి వేలు పక్కకు జారుతది. తక్‌పట్టీ రాసేటప్పుడు గట్లనే అయి ఉంటది, క్వింటాళ్ళు రేటు గుణిద్దామని తెరిచి ఉంటవ్, అవునా కాదా? అందుకని రేపే పోయి ఒక క్యాలిక్యులేటర్ కొను, పెద్ద బటన్లది, 200, 300ల వస్తది. పట్టీ రాసేంత సేపు ఫోన్‌ని గల్లపెట్టెల పెట్టు, మోగితే వినపడతది. సావుకారుకి ముందుగాల చెప్పాల్సిన పని గూడ లేదు, ఆయనే చూస్తడు.

ఆయన నీ పట్టీలు ఇంకొకరికి చూపిస్తుండని నీకు నామోషీ అయినట్టున్నది. నేనైతే అట్ల చూడ. నీ మార్కెట్ మొత్తం నడిచేదే కిరికిరి మీద. గేటు కాడ చీటీ, రాశి పోసుడు, ఖరీదుదారు చేతిల పట్టుకొని చూసుడు, రేటు పాడే జెండాపాట, తూకమేసే దడువాయి కాంటా, అటెన్క పట్టీ, ఆఖరికి పైసలు. ఒక్కొక్క కాడ ఒక మనిషి ఆగి చూస్తడు, అందుకే వేల బస్తాలు అమ్ముడుపోయినా రైతు లెక్క రైతుకు ముడుతది. అన్నీ ఒక్క బటన్ నొక్కితే అయిపోతే ఎంతమంది మునుగుదురో నాకంటే నీకే తెలుసు. నీ పట్టీ ఇంకొకరు చూసుడు గూడ గసొంటిదే ఒకటి. ఒక సీజన్ పోనియ్.

మార్కెట్ల ఫోన్‌కి నేను చెప్పే కిరికిరి నీ కాళ్ళ దగ్గరే దొరుకుతది, బస్తాలు కుట్టే సుతిలి. రెండు మూరల ముక్క తీసుకొని ఫోన్‌కి నిలువుగ ఒక చుట్టు అడ్డంగ ఒక చుట్టు వేసి ముడి కట్టు, గట్టి ముడి కాదు, లాగితే వచ్చేది. ఫోన్ మోగితే ఎత్తొచ్చు, మాట్లాడొచ్చు, సుతిలి అడ్డం రాదు. వాట్సాప్ మెసేజ్ గూడ ఎట్లనో అట్ల చదవొచ్చు. కానీ రీల్స్ చూద్దామంటే బొటనవేలు పైకి జరిపినప్పుడల్లా సుతిలికి తాకుతది, గరుకు గరుకుగ, స్క్రీన్ నడుమల దారం అడ్డం ఉంటది, బొమ్మల సగం ముఖం కనపడది. విప్పి చూడొచ్చు, ఎవరు వద్దంటలేరు. విప్పేటప్పుడు నీకు తెలుస్తది నువ్వు విప్పుతున్నవని, అంతే కావాల్సింది. హమాలీలు నవ్వుతరు, నవ్వనియ్. నేను నా కస్టమర్లకు రబ్బరు బ్యాండ్ ఇస్త, కానీ ఎండకు అవి తెగుతయి, సుతిలే మేలు.

ఇంకో చిన్నది, జేబు మార్చు. కుడి జేబుల పెట్టేటోనివైతే ఎడమ దాంట్లకు మార్చు, లేకుంటే సంచిల వెయ్యి. నవ్వులాటగ అనిపిస్తది కానీ మా షాపుల స్టూల్ మీద కూచున్నోళ్ళను చూసిన కాబట్టి చెప్తున్న, చెయ్యికి అలవాటైన తొవ్వ ఒక్కటే ఉంటది, అది ఖాళీగ దొరికితే ఆడనే ఆగుతది.

స్క్రీన్‌ని నలుపు తెలుపు చేసుకో అని అందరు చెప్తరు, రంగులు లేకుంటే రీల్ చప్పగ అయితది, నిజమే. కానీ నీకు పగలు ఆ పని చెప్ప, రైతు మిర్చి ఫోటో పంపిస్తే ఎరుపు ఎంతున్నదో తాలు ఎంతున్నదో చూడకుంట ఎట్ల. రాత్రి బెడ్‌టైమ్ మోడ్‌ల పెట్టుకో, తొమ్మిదింటికి దానంతట అదే బూడిద రంగైతది. ఎవరో ఎక్కడో చెప్పిన్రని ప్రతిదీ చెయ్యకు, నీ పనికి ఎక్కడ అడ్డమొస్తదో చూసుకొని పెట్టు, పనికి అడ్డమొచ్చిన కిరికిరిని మనిషి మొదటి రోజే పీకేస్తడు.

ఇన్‌స్టా తీసేయ్ ఏడోసారి, కానీ ఈసారి వేరేగ. అకౌంట్ ఉండనియ్, యాప్ తీసేసి, పాస్‌వర్డ్ మార్చు, ఇరవై అక్షరాలు, అర్థం పర్థం లేనిది, అంకెలు గింకెలు కలిపి. కాయితం మీద రాయి, ఫోన్‌ల సేవ్ చెయ్యకు, ఆ కాయితాన్ని బియ్యం డబ్బా అడుగున పెట్టు. చూడాలనిపిస్తే బ్రౌజర్‌ల తెరిచి, బియ్యంల చెయ్యి పెట్టి కాయితం తీసి, ఇరవై అక్షరాలు చూసి కొట్టి చూసుకో, అయిపోయినంక లాగౌట్ చెయ్. అక్క చెల్లె ఫోటో పెట్టిన్రు చూడాలె అంటే చూస్తవ్, తప్పేం లేదు. పండుకునే ముందు ఐదు నిమిషాలకు మాత్రం బియ్యం డబ్బా కాడికి పోవు. యూట్యూబ్‌ల వాచ్ హిస్టరీ ఆపేసి పాతదంత తుడిచెయ్, మొదటి పేజీ ఖాళీగ కనపడతది, నీకు కావాల్సింది నువ్వే పేరు కొట్టి వెతుక్కోవాలె. హోమ్ స్క్రీన్ మీద ఫోన్, వాట్సాప్, పైసలు కొట్టేది, మూడే ఉంచు.

పాస్‌వర్డ్ మీ ఇంటామె దగ్గర పెట్టుమని చెప్పొచ్చు, చాలమంది చెప్తరు. నేను చెప్ప. రాత్రి పదకొండింటికి నువ్వు అడుగుతవ్, ఆమె ఇయ్యనంటది, లొల్లి రీల్ మీదికెళ్లి మీ అత్తగారింటి దాకా పోతది. ఆమెను పోలీస్‌ని చెయ్యకు. బియ్యం డబ్బా ఎవరితోని కొట్లాడది.

ఇగ రాత్రి ముచ్చట, నీ అసలు జబ్బు ఆడనే ఉన్నది. డబ్బా ఫోన్ కొనుక్కోవాల్నా అన్నవ్ కదా, కొను, కానీ దీన్ని అమ్మి కాదు. ఇది అమ్మితే వారంల వాట్సాప్ లేక పని ఆగి కొత్తది కొంటవ్, ఈఎంఐల ఇంకా పెద్ద స్క్రీన్‌ది కొంటవ్, నేను చూసిన గసొంటోళ్ళను మస్తుమందిని. కీప్యాడ్ ఫోన్ పన్నెండు పదిహేను వందలల్ల వస్తది. అండ్ల ఇంకో సిమ్ వేసి, 2025 సంది ఉత్త కాల్స్, ఎస్సెమ్మెస్‌ల ప్యాకులు ఉన్నయి, డేటా లేనిది చూసి వేయించుకొని, ఆ నంబర్ సావుకారుకు, మీ ఊర్ల అమ్మానాయినకు, ఇంకెవరన్న ముఖ్యమైనోళ్ళకు ఇయ్. రాత్రి పూట అర్జెంట్ అయితే దానికి చేస్తరు. అలారం గూడ దాంట్లనే పెట్టుకో, లేకుంటే అలారం పేరుతోని పెద్ద ఫోన్ మళ్ళ మంచం మీదికొస్తది.

పెద్ద ఫోన్‌ని బువ్వ తినేటప్పుడు చార్జింగ్ పెట్టు, తొమ్మిదిన్నరకు తీసి సజ్జ మీద పెట్టు. అలమారల కాదు, టీవీ పక్కన కాదు, సజ్జ మీదనే, స్టూల్ వేస్తే తప్ప అందొద్దు. ఆ స్టూల్‌ని వాకిట్ల పెట్టు. ఇప్పుడు ఆలోచించు, రాత్రి పదకొండు, పాప నిద్రల ఉన్నది, నువ్వు లేచి తలుపు గొళ్ళెం తీసి, స్టూల్ తెచ్చి, అది బండల మీద కిర్రుమంటది, ఎక్కి, చీకట్ల చెయ్యి పెట్టి తడిమి, పాత గిన్నెలు కింద పడకుంట ఫోన్ తీయాలె. తీస్తవా? మొదటి రోజు తీస్తవ్ కావచ్చు, నేనైతే బెట్ కట్ట. మూడో రోజు తియ్యవ్. ఇంకో సుఖం ఏందంటే ఈ నిర్ణయం తొమ్మిదిన్నరకు తీసుకుంటున్నవ్, అప్పుడు నువ్వు మంచిగనే ఉంటవ్, కండ్లు మండుతలేవు, బుద్ధి పని చేస్తది. పదకొండింటికి ఉండేటోడు వేరే మనిషి, వానితోని పోట్లాడి గెలువలేం, వాడు రాకముందే స్టూల్ తీసెయ్యాలె.

అలవాటైన కిరికిరి కిరికిరి కాదు, ఇదొకటి ముందే చెప్తున్న. నా పవర్ బటన్ ముచ్చటల నేను నీకు ఒకటి దాచిన. మూడో వారానికి చూసుకుంటే చార్జర్ వెనుక బెంచి మీద లేదు, ముందల కౌంటర్ మీద ఉన్నది. ఎవరు తెచ్చిన్రో నాకు యాదికి లేదు. షాపుల నేనొక్కన్నే ఉంట. మళ్ళ తీసుకపోయి వెనుక పెట్టి, వైర్‌ని బెంచికి ట్యాగ్ వేసి కట్టిన. నీక్కూడ గిట్లనే అయితది, ఇరవై అక్షరాల పాస్‌వర్డ్ కంఠస్తం అయితది, స్టూల్ లోపలికొస్తది, సుతిలి ముడి ఒక్క చేత్తోని విప్పుడు వస్తది. అప్పుడు ఓడిపోయిన అనుకోకు, పాస్‌వర్డ్ మార్చు, స్టూల్ బయట పెట్టు. నెలకోసారి చూసుకో, కరెంట్ బిల్ వచ్చిన రోజు యాది పెట్టుకుంటే సరిపోతది.

మరీ ఎక్కువ గూడ పెట్టొద్దు. ఒకాయన ఇంటర్ చదివే కొడుకు ఫోన్‌ని బీరువాల వేసి తాళం వేసిండు, పరీక్షల దాక ఇయ్య అన్నడు. ఆ పిలగాడు మా షాపుకొచ్చి 3,500కు సెకండ్‌హ్యాండ్ ఫోన్ కొనుక్కపోయిండు, అమ్మింది నేనే, ఎవరి పిలగాడో నాకు తర్వాత తెలిసింది. తండ్రి వచ్చి నన్ను నాలుగు తిట్టిండు, పడ్డ. గోడ కడితే మనుషులు దొడ్డి దారి వెతుకుతరు, కడప కడితే దాటాల్నా వద్దా అని ఆలోచిస్తరు. పైగా నీది నువ్వే కట్టుకునేది, ఆ పిలగానికి తండ్రి కట్టిండు, అందుకే నిలవలే.

మొదటి వారం చిరాకుగ ఉంటది, రాశికి రాశికి నడుమ ఆ పది నిమిషాలు ఏం చెయ్యాల్నో తెలువది. ఏం చెయ్యకు. పుస్తకాలు చదువు, ధ్యానం చెయ్ అని నేను చెప్ప, మార్కెట్ల మిర్చి ఘాటుల ధ్యానమేంది. చాయ్ తాగు, హమాలీలతోని ముచ్చట పెట్టు, బస్తా మీద కూచొని ఉత్తగ చూడు. 2024ల మేడారం జాతరకు పోయినప్పుడు నాకు సిగ్నల్ దొరకలే, జంపన్న వాగు కాడ రెండు గంటలు మా వాళ్ళ కోసం నిలబడ్డ, మొదటి అరగంట పదిసార్లు ఫోన్ తీసి చూసిన, తర్వాత తియ్యలే. ఆ గంటన్నరల చూసిన మనుషులు ఇప్పటికీ కండ్ల ముందల ఉన్నరు, నెత్తి మీద బెల్లం ముద్ద మోసుకపోతున్న ఒక ముసలామె, ఆమె చీర కొంగు పట్టుకున్న మనుమడు. ఆ ఏడాది చూసిన రీల్స్‌ల ఒక్కటన్న యాదికున్నదా అంటే లేదు.

సబ్బుపెట్టె ఆట గురించి నేనేం చెప్ప, నువ్వే రాసినవ్, నీకే తెలుసు.

ఒక్కటి మాత్రం సీరియస్‌గ విను. ఫోన్ సజ్జ మీద పెట్టినంక గూడ ఒంటిగంట దాక నిద్ర రాకుంటే, గుండెల దడదడగ ఉంటే, అప్పుల లెక్కలో ఇంకేదో తిరుగుతనే ఉంటే, అది ఫోన్ రోగం కాదు, ఫోన్ దాన్ని కప్పుతున్నది. అప్పుడు 14416కి ఫోన్ చెయ్, టెలీ మానస్ అంటరు, మనసు బాధలకు సలహా చెప్పే నంబర్, 2022 అక్టోబర్‌ల కేంద్రం పెట్టింది, పైసలు అడుగరు, రాత్రి పగలు ఎత్తుతరు, తెలుగుల మాట్లాడుతరు. ఫోన్ వ్యసనం మీదనే బెంగళూర్‌ల మనసు జబ్బుల పెద్దాస్పత్రి నిమ్హాన్స్‌ల 2014 సంది షట్ క్లినిక్ అని వేరేగ నడుస్తున్నది, అంటే నీ ఒక్కనికి ఉన్న బాధ కాదిది, దీనికి ఆస్పత్రులల్ల ఓపీ ఉన్నది. కానీ నీ ఉత్తరం చూస్తే నీకు ఆడిదాక పోయే పని పడదనే నాకు అనిపిస్తున్నది, నీకు క్యాలిక్యులేటర్, రెండు మూరల సుతిలి, ఒక స్టూల్ కావాలె.

ఫోన్ అమ్మితే ఎంతొస్తది అన్నవ్, మోడల్ రాయలే నువ్వు. అమ్మొద్దనే చెప్తున్న, అయినా అడిగినవ్ కాబట్టి మోడల్, ఎప్పుడు కొన్నవో, డిస్‌ప్లే ఒరిజినలా మార్చిందా రాయి, చెప్త.